బడి పాఠం, సర్కారు హద్దు

1950ల తొలినాళ్లలో పంజాబ్ ప్రభుత్వం బడి పుస్తకాల ప్రచురణను ప్రైవేటు వారి నుంచి క్రమంగా తన చేతుల్లోకి తీసుకుంది. వ్యాపారం పోయిన ప్రచురణకర్తలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1955లో వారు ఓడిపోయారు. తమ పుస్తకాన్నే బడిలో పెట్టాలని అడిగే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని, ఈ పనికి ప్రత్యేక చట్టం కూడా అక్కర్లేదని ప్రధాన న్యాయమూర్తి బి.కె. ముఖర్జియా తీర్పు రాశారు. వ్యక్తుల హక్కులను తాకవలసి వస్తే మాత్రం చట్టం అవసరం కావచ్చన్న మాట అందులోనే ఉంది. ఆ పుస్తకాలు చదివే పిల్లల సంగతి మాత్రం వ్యాజ్యంలో రానేలేదు. బోధన మీద సర్కారు అధికారానికి మన దేశంలో హద్దులు ఎక్కడ పడ్డాయో తెలియాలంటే, కోర్టు మెట్లెక్కింది ఎవరో ముందుగా చూడాలి.

సర్కారు ఏ పాఠాలు చెప్పించవచ్చో రాజ్యాంగం నేరుగా చెప్పలేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధ కూడదని 28వ అధికరణం, అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకోవచ్చని 30వ అధికరణం చెబుతాయి. అందుకే తొలి హద్దులు యాజమాన్యాల కోసం పడ్డాయి. 1958లో కేరళ విద్యాబిల్లుపై రాష్ట్రపతి అభిప్రాయం కోరినప్పుడు సుప్రీంకోర్టు అల్పసంఖ్యాకుల బడులకు రక్షణ ఇచ్చింది. 1971లో పంజాబ్‌లోని ఆర్యసమాజ్ వారి డీఏవీ కళాశాలలపై పంజాబీని ఏకైక మాధ్యమంగా రుద్దడం చెల్లదంది. అయితే గురునానక్ జీవితాన్ని, బోధనలను అధ్యయనం చేయించడం మతబోధ కాదంది. 1971 నాటి ఈ తీర్పులు రాసింది మన హైదరాబాదు నుంచి వెళ్లిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి. 2002లో జాతీయ పాఠ్యప్రణాళికపై వివాదం వచ్చినప్పుడు, మతాల గురించి చెప్పడం వేరు, మతబోధ వేరు అన్న ఈ విభజనే ప్రభుత్వాన్ని గట్టెక్కించింది.

పిల్లలే కోర్టుకు వచ్చిన కేసు నా దృష్టిలో అన్నిటికంటే గొప్పది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతం వినిపించగానే మర్యాదగా లేచి నిలబడేవారు; తమ విశ్వాసం ఒప్పుకోదు కనుక పాడేవారు కాదు. ఒక శాసనసభ్యుడు ఇది చూసి సభలో లేవనెత్తాడు. పిల్లలు బుద్ధిమంతులేనని, గీతాన్ని అగౌరవపరచలేదని విచారణలో తేలింది. అయినా 1985 జులైలో వారిని బడి నుంచి పంపేశారు. హైకోర్టూ ఆదుకోలేదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టులో మరో తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, వారిని తిరిగి చేర్చుకోవాలని తీర్పిచ్చారు. మాట్లాడే స్వేచ్ఛలో మౌనంగా ఉండే స్వేచ్ఛ కూడా ఉందన్నారు. ఆ స్వేచ్ఛకు హద్దు పెట్టాలంటే చట్టం కావాలి, విద్యాశాఖ సర్క్యులర్ చాలదన్నారు. జెండా వందనంపై 1943 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పునూ ఉదహరించారు. 1955లో చాలిన కార్యనిర్వాహక ఉత్తర్వు, ముగ్గురు పిల్లల ముందు చాలలేదు.

తర్వాత వంతు మాధ్యమానిది. ప్రాథమిక తరగతులు కన్నడంలోనో మాతృభాషలోనో ఉండాలన్న కర్ణాటక ఉత్తర్వును 2014లో రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. ఎంపిక పిల్లలది, వారి తరఫున తల్లిదండ్రులదని తేల్చింది. నాడు ఇంగ్లిషు మీడియం బడులను కాపాడిన ఆ సూత్రమే ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు మీడియానికి అండ అయింది. ప్రభుత్వ బడులను ఇంగ్లిషు మీడియంలోకి మార్చే 2019 ఉత్తర్వులను హైకోర్టు 2020 ఏప్రిల్‌లో రద్దు చేసింది. మాతృభాషను ప్రేమించేవారు కర్ణాటక తీర్పును తిట్టుకున్నారు; నాకైతే దాని విలువ ఇక్కడే తెలిసింది.

ఇంతా చేసి, ఈ తీర్పుల్లో ఎక్కువ భాగం పాఠం చుట్టూ తిరిగినవే: ఏ భాషలో, ఎవరి బడిలో, ఏ గీతం పాడుతూ. పుస్తకంలో ఏ అధ్యాయం ఉండాలి, ఏది పోవాలి అన్నచోట కోర్టులు చాలావరకు నిపుణులకే వదిలేశాయి. ఆ నిపుణుల సంస్థను నిర్ణయించేది ప్రభుత్వమే. ఇది నాకు ఆందోళన కలిగిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, పాఠ్యప్రణాళిక రాజ్యాంగ విలువలకు అనుగుణంగా ఉండాలని అంటోంది. ఆ వాక్యాన్ని పట్టుకుని అడగాల్సింది ప్రచురణకర్తలో యాజమాన్యాలో కాదు, ఆ పాఠం చదివే పిల్లలు, వారిని కన్నవారు.