రక్తం ఫ్రెష్‌దే కావాలా? బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్‌లోని బ్యాగు కథ

మా మంచిర్యాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ వస్తనే ఉంటది: "అర్జెంటుగా రక్తం కావాలి, ఫ్రెష్‌దే కావాలి." మా నానమ్మ ఆపరేషన్ అప్పుడు నేనూ అట్లనే పట్టుబట్టిన. బ్యాగు రెడీగా ఉంది. మీద తేదీ చూసి, ఇరవై రోజుల పాతది వద్దన్న. దాతను వెతకడానికి, తర్వాత టెస్టులకు ఆ రాత్రంతా పోయింది. నా భయం నిజమేనా? చరిత్ర చూద్దాం.

ఒకప్పుడు తీసిన రక్తం నిమిషాల్లో గడ్డకట్టేది. 1914లో బెల్జియంలో అల్బర్ట్ హుస్టిన్, అర్జెంటీనాలో లూయిస్ అగోటే సిట్రేట్ కలిపి దాన్ని ఆపారు. 1916లో రౌస్, టర్నర్ గ్లూకోజ్ కూడా చేర్చి ఎర్ర కణాలను వారాలపాటు నిలబెట్టారు. 1937లో చికాగోలో బెర్నార్డ్ ఫాంటస్ దీనికి 'బ్లడ్ బ్యాంక్' అని పేరు పెట్టారు. ఇప్పుడు ఎర్ర కణాల బ్యాగును 2 నుంచి 6 డిగ్రీల చలిలో, కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు ఉంచుతారు.

అనుమానం 1973లో మొదలైంది. ముందే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో మార్చిన కిడ్నీ ఎక్కువ కాలం నిలుస్తున్నదని ఓపెల్జ్, టెరసాకి గమనించారు. అంటే వేరేవాళ్ల రక్తం మన రోగనిరోధక శక్తిని కొంత నెమ్మదింపజేస్తున్నట్టే కదా! కిడ్నీకి మంచిదే, మరి ఇన్ఫెక్షన్ వస్తే? పైగా నిల్వలో తెల్ల కణాలు చితికి రసాయనాలు వదులుతయ్. ఎర్ర కణాలు కొన్ని పాడైతయ్, వాటి ఇనుము కొన్ని బ్యాక్టీరియాకు మేత.

2008లో క్లీవ్‌లాండ్ గుండె ఆపరేషన్ల రికార్డులు చూస్తే, 14 రోజులు దాటిన రక్తంతో సమస్యలు ఎక్కువ కనిపించినయ్. ప్రపంచమంతా ఉలిక్కిపడ్డది. కానీ అవి పాత రికార్డులు. అందుకే లాటరీ తీసినట్టు రోగులను విడగొట్టి పరీక్షించారు. 2015లో ఏబుల్ అధ్యయనంలో రెండు వేలకు పైగా ఐసీయూ రోగులు, 2016లో ఇన్‌ఫార్మ్‌లో ఇరవై వేలకు పైగా రోగులు. ఫ్రెష్ రక్తంతో మరణాలు తగ్గలేదు.

అంటే నిల్వలో మార్పే లేదని కాదు. ఆరు వారాలు నిల్వ ఉన్న రక్తం ఎక్కించాక ఆరోగ్యవంతుల ఒంట్లో కూడా ఇనుము పెరిగిందని 2017లో తేలింది. తెల్ల కణాలను వడకట్టే ఫిల్టర్లు కూడా విలువైనవి.

మన ఉమ్మడి ఆదిలాబాద్‌లో తలసేమియా, సికిల్ సెల్ పిల్లలున్నారు. తలసేమియా ఎక్కువున్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం కావాలె. వాళ్లకు అసలు ప్రమాదం ఫ్రిజ్ ఖాళీగా ఉండటం. డాక్టర్ ప్రత్యేకంగా అడిగితే వేరే సంగతి, లేదంటే గడువులో ఉన్న బ్యాగును వద్దనకండి.

ఆ రాత్రి నేను వద్దన్న బ్యాగు కూడా ఎవరో ముందే వచ్చి ఇచ్చిందే. ఇప్పుడు నేనూ ఎవరూ అడగకముందే పోయి ఇస్తున్న. మీరు ఎప్పుడు పోతరు? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.