ఎనిమిదేళ్ల పంతులు

మా ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. అందుకే బళ్లారి కలెక్టరు 1823 ఆగస్టులో మద్రాసుకు పంపిన బడుల నివేదికను నేను మా ఊరి సంగతిగానే చదువుకుంటాను. ఆ కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్. అప్పటికే తెలుగు వ్యాకరణం, నిఘంటువు అచ్చు వేయించిన దొర. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని లెక్క తేల్చాడు. వాళ్లలో ఆడపిల్లలు అరవై మంది. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పుకునే ఆడమనిషిని కాబట్టి, ఆ అరవై దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతాను.

బడి సామానుల గురించి ఆయన రాసింది ఇంకా ముచ్చటగా ఉంటుంది. పిల్లలు మొదట నేల మీద పరిచిన ఇసుకలో వేలితో దిద్దేవారు. చెయ్యి తిరిగాక తాటాకు, గంటం. బొగ్గుపొడి, అన్నం కలిపి పూసి నునుపు చేసిన చెక్క పలక కూడా ఉండేది. అన్నిట్లోకీ నాకు నచ్చింది కడితం. గుడ్డకు గంజి పెట్టి గట్టిపరచి, పుస్తకంలా మడతలు వేసి, పైన బొగ్గూ జిగురూ పట్టించేవారు. బలపంతో రాసుకోవడం, తడిగుడ్డతో తుడిచేసుకోవడం. మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి పోవచ్చు. ఇప్పుడు బడులకు డిజిటల్ ప్యానెల్ అమ్మేవాళ్లు ఏకరువు పెట్టే గుణాలు చాలావరకు దీనికీ ఉన్నాయి. పైగా కరెంటు అక్కర్లేదు.

రాత నేర్పడంలోని పొదుపునూ, పెద్ద పిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించడాన్నీ క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించింది, అనుకరించదగ్గదే అన్నాడు. ఆ చేత్తోనే ఇంకో మాటా రాశాడు. పద్యాలు గడగడా అప్పజెప్పే పిల్లలకు వాటి అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసట. పనిముట్టు భేషుగ్గా ఉంది, చదువు మాత్రం బట్టీ. రెండూ ఒకే బడిలోవే.

ఇంగ్లండు అనుకరించిందన్న కథ మద్రాసు ఎగ్మూరులో మొదలైంది. స్కాట్లండు నుంచి వచ్చిన ఆండ్రూ బెల్ అనే మతగురువు 1789లో అక్కడి మగపిల్లల అనాథాశ్రమం బాధ్యత తీసుకున్నాడు. ఒక పొద్దున గుర్రం మీద పోతూ, వీధిబడి పిల్లలు ఇసుకలో వేళ్లతో అక్షరాలు దిద్దుతుంటే చూశాడు. తన బడిలోనూ అలాగే నేర్పమని కింది తరగతి పంతులుకు చెప్పాడు. పంతులు కుదరదన్నాడు. బెల్ ఆయనతో వాదన పెట్టుకోకుండా, ఆ తరగతిని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాడికి అప్పగించాడు. కుర్రాడు చేసి చూపించాడు. 1797లో బెల్ ఈ అనుభవాన్ని లండన్‌లో పుస్తకంగా వేశాక, మన వీధిబడి ఇసుక ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో ఇంగ్లండు బడుల్లోకి చేరింది.

ఆ పంతులును చూసి నవ్వేవాళ్లు నవ్వొచ్చు. నాకైతే నవ్వు రాదు. దొరగారు షికారుకు వెళ్లొచ్చి, రేపటి నుంచి ఇలా చెప్పమంటే ఎవరికైనా మండుతుంది. మా ట్రైనింగులు కొన్ని ఇప్పటికీ ఆ తీరుగానే నడుస్తాయి. అయినా గెలిచింది కుర్రాడే, అందులో సందేహం లేదు.

తర్వాత రాతి పలకలు వచ్చాయి. మార్కాపురం పలకల మీద దిద్దని మా తరం వాళ్లు తక్కువ. పరికరం మారినా అందాకా వేలో బలపమో, ఏదో ఒకటి పిల్లల చేతిలోనే ఉంది. అది జారిపోయింది టీవీతో. 1975 ఆగస్టు 1న ‘సైట్’ ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అడిగి తెచ్చుకుని, మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ చూపించారు. డాబాల మీద మూడు మీటర్ల వెడల్పున కోళ్లగూటి వల లాంటి జాలీ యాంటెన్నాలు లేచాయి. పొద్దున తెలుగు పిల్లల వాటా 22 నిమిషాల పైచిల్లర, సాయంత్రం ఊరందరికీ. 1976 జూలై 31తో గడువు తీరింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. సెలవుల్లో అదే టీవీతో వేల మంది ప్రాథమిక టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. నన్నడిగితే ఆ ఏడాది జరిగిన మంచి పని అదే. పిల్లలు మాత్రం చేతులు కట్టుకుని చూశారు.

ఆ తర్వాత 1987లో ప్రాథమిక బడులకు కనీస సామాను ఇచ్చే ఆపరేషన్ బ్లాక్‌బోర్డు, 2004లో శ్రీహరికోట నుంచి చదువుల ఉపగ్రహం ఎడ్యుశాట్. బోధనోపకరణాలు చేసుకోమని ఏటా ఐదొందలు ఇచ్చిన రోజుల్లో అట్టముక్కలతో మేం చేసినవే ఎక్కువ కాలం పనికొచ్చాయనిపిస్తుంది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబ్‌లు, మరుసటి ఏడాది హైస్కూళ్లకు ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర ప్యానెళ్లు వచ్చాయి.

మా బడి ప్యానెల్ మీద మొదటివారం నేనూ వీడియోలే వేశాను. పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. పాఠం అయ్యాక ప్రశ్న అడిగితే వీడియోలోని వాక్యాన్నే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. క్యాంప్‌బెల్ గారి చిలకలు! మరునాడు వీడియో కట్టేసి జిల్లా పటం పెట్టి, తుంగభద్ర దిగువ కాలువ ఎక్కడెక్కడ పోతుందో గీయమన్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచొచ్చి, “మేడమ్, వేలితోనే గీయచ్చా?” అంది. గీసింది. ఆదోనికి అవతలగా పోయింది గీత. “కాదే, మా చేను పక్కనే పోతుంది కాలువ” అని ఇంకో పిల్ల వచ్చి చెరిపేసింది. ఆ పీరియడంతా వాళ్లదే.

కొత్త టెక్నాలజీతో మీ లక్ష్యాలేమిటో రాయమని ఈమధ్య ట్రైనింగులో ఫారం ఇచ్చారు. నేను రాసింది ఇది: పీరియడ్‌లో సగం సేపు ప్యానెల్ దగ్గర పిల్లలే ఉంటారు, నేను పక్కన నిలబడతాను. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు దాన్ని నడపడం నేర్చుకుని ఆరో తరగతికి నేర్పుతారు. కరెంటు పోతే అదే పాఠం నల్లబల్ల మీద పూర్తవుతుంది. ఫారంలో ఇంకో నాలుగు గళ్లు ఖాళీగానే ఉంచాను.

ఆదోని, ఆలూరు, రాయదుర్గం వైపు చదువరులకు ఒక విన్నపం. వ్యాపారస్తులు కూడా లెక్కలకు కడితాలు వాడేవారు. మీ ఇంటి అటక మీద నల్లటి మడతల గుడ్డపుస్తకం కనబడితే పాతగుడ్డ అనుకుని పారేయకండి. దగ్గర్లోని బడికి ఇవ్వండి. పిల్లలు పట్టుకుని చూస్తారు.