వార్తల్లో పాలస్తీనా: ఒక నేల పేర్ల చరిత్ర

రమల్లా పట్టణం నుంచి వార్త రాసేటప్పుడు అసోసియేటెడ్ ప్రెస్ డేట్‌లైన్‌లో ‘రమల్లా, వెస్ట్ బ్యాంక్’ అని పెడుతుంది. అల్ జజీరా అదే ప్రాంతాన్ని ‘ఆక్రమిత వెస్ట్ బ్యాంక్’ అంటుంది. ఇజ్రాయెల్ ప్రభుత్వ పత్రాల్లో అది ‘జుడియా, సమారియా’. ఐక్యరాజ్యసమితి సభామందిరంలో ఆ నేల ప్రతినిధి ముందుండే ఫలకం మీద మాత్రం ‘పాలస్తీనా దేశం’ అని ఉంటుంది. ఈ పేర్లలో ఏదీ పాత్రికేయులు పుట్టించినది కాదు. ఒక్కో పేరు వెనుక ఒక యుద్ధమో, ఒక సైనిక ఉత్తర్వో, ఒక ఓటింగో ఉంది.

1947 నవంబరు 29న సమితి సర్వప్రతినిధి సభ, బ్రిటిష్ అధీనంలోని పాలస్తీనాను యూదు, అరబ్బు దేశాలుగా విభజించాలని 33–13 ఓట్లతో సిఫారసు చేసింది. పది దేశాలు తటస్థంగా ఉన్నాయి. భారతదేశం వ్యతిరేకంగా ఓటేసింది. తరువాతి యుద్ధంలో ఇజ్రాయెల్ నిలదొక్కుకుంది, అరబ్బు దేశం మాత్రం ఏర్పడలేదు. 1949 నాటి యుద్ధ విరమణ ఒప్పందాల్లో పటం మీద ఆకుపచ్చ రంగులో గీసిన రేఖే ‘గ్రీన్ లైన్’. దాన్ని శాశ్వత సరిహద్దుగా ఎవరూ ఒప్పుకోలేదు. 1950లో జోర్డాన్ దేశం, జోర్డాన్ నదికి పడమట ఉన్న భాగాన్ని విలీనం చేసుకుంది. ‘వెస్ట్ బ్యాంక్’ అనే పేరు స్థిరపడింది అప్పుడే. నేడు తటస్థమని వార్తాసంస్థలు భావించే ఈ పేరు కూడా ఒక విలీనం మిగిల్చినదే.

1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజా, సినాయ్, గోలన్‌లను పట్టుకుంది. నవంబరు 22న భద్రతా మండలి ఆమోదించిన 242వ తీర్మానం, ఆ యుద్ధంలో ఆక్రమించిన ప్రాంతాల నుంచి సైన్యం వైదొలగాలంది. ఇంగ్లిషు ప్రతిలో ‘ప్రాంతాలు’ అనే మాట ముందు ‘ది’ లేదు. కనుక అన్ని ప్రాంతాలూ వదలనక్కరలేదని ఇజ్రాయెల్ వాదించింది. ‘ది’కి సమానమైన మాట ఉన్న ఫ్రెంచి ప్రతి చూపి అన్నీ వదలాల్సిందేనని అరబ్బు దేశాలు వాదించాయి. ఎంత మేర అన్నదాని మీద తగాదా ఉన్నా, ‘ఆక్రమించిన’ అనే మాట రెండు ప్రతుల్లోనూ ఉంది. అదే ఏడాది డిసెంబరులో ఇజ్రాయెల్ సైనిక ఉత్తర్వు ఒకటి వెస్ట్ బ్యాంక్‌కు అధికారికంగా ‘జుడియా, సమారియా ప్రాంతం’ అని పేరు పెట్టింది. 1977లో మెనాఖెమ్ బెగిన్ ప్రధాని అయ్యాక ఆ పేరు ప్రభుత్వ వ్యవహారంలో మరింత పాతుకుంది.

‘వివాదాస్పద ప్రాంతం’ అనే వాదం ఇక్కడి నుంచే ఎదిగింది. జోర్డాన్ విలీనాన్ని బ్రిటన్ వంటి ఒకటి రెండు దేశాలే గుర్తించాయి, అందువల్ల 1967కు ముందు ఆ నేలకు చట్టబద్ధమైన యజమాని లేడు, యజమాని లేనిచోట ఆక్రమణ ఎలా అవుతుందని ఇజ్రాయెల్ ప్రశ్న. అయితే 2004 జూన్‌లో బీట్ సూరిక్ గ్రామం కేసులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే ఆ ప్రాంతం సైనిక ఆక్రమణలో ఉందన్న ప్రాతిపదిక మీద తీర్పు ఇచ్చింది. పది రోజులు తిరక్కముందే, జూలై 9న, అంతర్జాతీయ న్యాయస్థానం అక్కడ ఇజ్రాయెల్ కడుతున్న నిర్మాణం చట్టవిరుద్ధమని 14–1 మెజారిటీతో అభిప్రాయపడింది. న్యాయస్థానం ఆ నిర్మాణాన్ని ‘గోడ’ అంది, ఇజ్రాయెల్ ‘భద్రతా కంచె’ అంది. చాలాచోట్ల అది కంచె, పట్టణాల దగ్గర ఎత్తైన కాంక్రీటు గోడ. బీబీసీ మధ్యేమార్గంగా ‘అడ్డు’ అనే అర్థమిచ్చే ‘బారియర్’ను ఎంచుకుంది.

జెరూసలేం విషయంలో మధ్యేమార్గం కూడా దొరకలేదు. 1980లో ఇజ్రాయెల్ నగరమంతటినీ రాజధానిగా శాసనం చేసింది. ఆ శాసనం చెల్లదని భద్రతా మండలి 478వ తీర్మానంలో ప్రకటించింది. టెల్ అవీవ్‌ను రాజధానిగా రాసే నియమం పెట్టుకున్న గార్డియన్ పత్రిక, అది తప్పని 2012 ఆగస్టులో ఒప్పుకుని నియమం మార్చుకుంది. 1967లో కలుపుకున్న నేల మీద కట్టిన గిలో అనే నివాస ప్రాంతాన్ని కొందరు ‘సెటిల్‌మెంట్’ అని రాస్తే, మరికొందరు జెరూసలేంలో ఒక పేట అని రాస్తారు.

దేశం అనే మాట కథ ఇంతకన్నా పొడవైనది. 1988 నవంబరు 15న అల్జీర్స్‌లో యాసర్ అరాఫత్ స్వాతంత్ర్య ప్రకటన చదివారు. ఆ పాఠం రాసింది కవి మహమూద్ దర్విష్. మూడు రోజుల్లోనే భారత్ గుర్తింపునిచ్చింది. 2012 నవంబరు 29న, విభజన తీర్మానం వచ్చిన తేదీనే, సమితి సర్వప్రతినిధి సభలో 138 ఓట్లతో పాలస్తీనాకు సభ్యత్వం లేని పరిశీలక దేశ హోదా దక్కింది. 9 దేశాలు వ్యతిరేకించాయి, 41 తటస్థంగా ఉన్నాయి. 2013 మే నెలలో గూగుల్ తన స్థానిక పేజీలో ‘పాలస్తీనా ప్రాంతాలు’ తీసి ‘పాలస్తీనా’ అని పెట్టింది.

వార్తాసంస్థలు ఆ వేగంతో కదలలేదు. 2020 ఆగస్టులో కెనడా ప్రజా ప్రసార సంస్థ సీబీసీ, తన రేడియో కార్యక్రమంలో ‘పాలస్తీనా’ అన్న మాట దొర్లినందుకు మర్నాడు శ్రోతలకు క్షమాపణ చెప్పింది. ఐదేళ్లు గడిచాక, 2025 సెప్టెంబరు 21న, కెనడా ప్రభుత్వమే బ్రిటన్, ఆస్ట్రేలియా, పోర్చుగల్‌లతో కలిసి పాలస్తీనాను దేశంగా గుర్తించింది. గుర్తించిన దేశాలు నేడు 150కి పైనే. ఈ మధ్యలో, 2024 ఏప్రిల్‌లో, న్యూయార్క్ టైమ్స్ అంతర్గత సూచనలను ది ఇంటర్సెప్ట్ బయటపెట్టింది. ‘పాలస్తీనా’ను బహు అరుదుగా తప్ప వాడవద్దని, ‘ఆక్రమిత ప్రాంతం’ అనే మాటకు దూరంగా ఉండాలని వాటిలో ఉంది. ఆ ఏడాది జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం, ఆక్రమిత పాలస్తీనా ప్రాంతంలో ఇజ్రాయెల్ కొనసాగడమే చట్టవిరుద్ధమంది.

జాగ్రత్తపడేవారి వాదనలోనూ బరువు ఉంది. పాలస్తీనాకు నిర్ణీత సరిహద్దులు లేవు, సమితిలో పూర్తి సభ్యత్వం లేదు, వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు 60 శాతమైన ‘ఏరియా సి’ 1995 ఒప్పందం ప్రకారం ఇజ్రాయెల్ అదుపులోనే ఉంది. స్వతంత్ర దేశం నడుస్తున్నట్టు రాస్తే అక్కడి మనిషి ప్రతిరోజూ దాటే తనిఖీ కేంద్రం వార్తలోంచి మాయమవుతుంది. అదే నేలను ‘వివాదాస్పదం’ అని సరిపెడితే, ఆ తనిఖీ కేంద్రాన్ని నడిపే సైన్యం మాయమవుతుంది.

ఇది తెలుగు పాఠకులకు అర్థంకాని సంగతి కాదు. మన పత్రికలు ‘పాక్ ఆక్రమిత కశ్మీర్’ అని రాసే నేలను పాకిస్తాన్ ‘ఆజాద్ కశ్మీర్’ అంటుంది, విదేశీ ఏజెన్సీలు ‘పాకిస్తాన్ పాలనలోని కశ్మీర్’ అంటాయి. ఇద్దరి వాదాల నడుమ సగం దూరంలో నిలబడితే నిజం దొరుకుతుందన్న నమ్మకాన్ని ఈ చరిత్ర నిలబడనీయదు. పేరు వాడేటప్పుడు ఆ పేరు ఎవరిదో, ఏ తీర్మానం లేదా తీర్పు దాన్ని బలపరిచిందో, ఎవరు కాదంటున్నారో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఏజెన్సీ వార్తను తెలుగు చేసే డెస్క్ స్థలం చాలక కోసేసేది తరచు ఆ వాక్యాన్నే. పత్రిక నిలుపుకోవలసింది కూడా ముందుగా దాన్నే.