‘యూజ్ లిబ్’కు షరతు ఎందుకు పట్టదు

పెర్ల్‌లో మాడ్యూళ్లు వెతకాల్సిన ఫోల్డర్‌ను చెప్పే ‘యూజ్ లిబ్’ను ‘ఇఫ్’ లోపల పెట్టడం కొత్తవాళ్ల తెలియనితనమని గురువులంతా కొట్టిపారేస్తారు. చరిత్ర చూస్తే ఆ తీర్పు నిలవదు.

1987లో లారీ వాల్ పెర్ల్‌ను విడుదల చేశాడు. 1994లో అయిదో వెర్షన్‌తో మాడ్యూళ్లు, మరుసటి ఏడు సీపాన్ భాండారం వచ్చాయి. ఇదంతా అందరూ చెప్పేదే. చిక్కు మాత్రం ఆ అయిదో వెర్షన్‌తోనే మొదలైంది. ‘యూజ్’ పనిచేసేది ప్రోగ్రాము నడిచేటప్పుడు కాదు, కంపైల్ అవుతుండగానే. ‘ఇది ల్యాబ్ మెషీనైతే ఈ ఫోల్డర్‌లో వెతుకు’ అని రాస్తే, షరతు పరీక్షకు రాకముందే ఆ ఫోల్డర్ పెర్ల్ మాడ్యూళ్లు వెతికే ఐఎన్‌సీ జాబితాలో ముందు వరసలో చేరిపోతుంది. షరతు తప్పినా కదలదు. ఎర్రర్ కూడా రాదు. పాత మాడ్యూల్ లోడై లెక్క తప్పాకే సంగతి బయటపడుతుంది.

‘బిగిన్’ బ్లాకు మొదటినుంచీ ఉందిగా అంటారు. నిజమే. కానీ పై లైనులో విలువిచ్చిన వేరియబుల్ ఆ బ్లాకులో ఖాళీగానే కనిపిస్తుంది, విలువ పడేది తర్వాత కాబట్టి. తప్పంతా రాసేవాళ్లదే అయితే, 2002లో 5.8 వెర్షన్‌తో ‘యూజ్ ఇఫ్’ అనే ఏర్పాటు ఇవ్వాల్సిన పనేముంది?

ఈ అవసరం పుట్టింది సొంత కంప్యూటరు లేనిచోట అని నా అభిప్రాయం. అదే 2002లో హెచ్‌పీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో మొదలుపెట్టిన ఐ-కమ్యూనిటీతో పల్లెలకు చేరింది నలుగురూ పంచుకునే కంప్యూటరే. మదనపల్లెలోనైనా కుప్పంలోనైనా కాలేజీ ల్యాబులో రూట్ పాస్‌వర్డ్ విద్యార్థికివ్వరు. మాడ్యూల్‌ను సొంత ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. అదే ప్రోగ్రాము పుంగనూరులో ఇంట్లోనో, బెంగళూరు ఆఫీసు సర్వర్‌లోనో నడవాలంటే పాత్ మారాలి. షరతు లేకుండా ఎలా?

2017లో 5.26 వెర్షన్ భద్రత కోసం ప్రస్తుత ఫోల్డర్‌ను ఐఎన్‌సీ జాబితానుంచి తీసేసింది. మంచి పనే, కానీ ఆ ఫోల్డర్‌నే నమ్ముకున్న ఎన్నో పాత స్క్రిప్టులు ఆగిపోయాయి.

2012లో పైథాన్ 3.3తో వచ్చిన ‘వెన్వ్’తో ఈ గొడవ తీరిందంటారు. నాకలా అనిపించదు. ప్రాజెక్టుకొక లైబ్రరీ కాపీ పెట్టి షరతును తప్పించుకున్నారంతే, చిన్న డిస్కున్నవాడికి అదే భారం. పైగా యాక్టివేట్ చేసి నడిపిన స్క్రిప్టును క్రాన్‌లో పెట్టగానే లైబ్రరీ లేదంటుంది. అక్కడ ఆ వెన్వ్‌లోని పైథాన్‌కు పూర్తి పాత్ చేత్తో రాయాల్సిందే, మెషీను మారితే మళ్లీ మార్చాల్సిందే.