బ్లూస్ నుంచి రాక్ దాకా: పాట ఎవరిది, పేరు ఎవరిది?

బ్లూస్, గాస్పెల్, కంట్రీ, జానపద గీతాలు... వీటన్నిటినీ కలిపి అమెరికా మూల సంగీతం అంటారు. వీటిలో రాక్ బ్యాండ్లకు ప్రధానంగా పునాది వేసింది బ్లూస్. మిసిసిపి డెల్టా పత్తి చేలు దాని పుట్టిళ్లలో ఒకటి. 1865లో బానిసత్వం రద్దయినా నల్లజాతి కుటుంబాల్లో ఎక్కువ మందికి భూమి దక్కలేదు. తెల్ల భూస్వాముల పొలాలను పాలుకు చేస్తూ తీరని అప్పుల్లో బతికారు. వారి పొలం పాటలు, చర్చి పాటలే గిటార్‌తో కలిసి బ్లూస్ అయ్యాయి.

1920ల నుంచి రికార్డు కంపెనీలు ఈ పాటలను 'రేస్ రికార్డులు' అని విడగొట్టి అమ్మాయి. పాటకూ వెలివాడే. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన జాబితాలో ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది.

మడ్డీ వాటర్స్ డెల్టాలో ట్రాక్టర్ తోలిన కూలీ. 1941లో అలన్ లోమాక్స్, నల్లజాతి పండితుడు జాన్ వర్క్ అక్కడికెళ్లి ఆయన పాటలు రికార్డు చేశారు. లోమాక్స్‌కు పేరొచ్చింది, వర్క్ శ్రమ దశాబ్దాల పాటు మరుగున పడింది. 1943లో షికాగోకు వలస వెళ్లిన మడ్డీ ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. 1950లో ఆయన పాడిన 'రోలిన్ స్టోన్' నుంచే 1962లో లండన్ కుర్రాళ్లు తమ బ్యాండ్‌కు రోలింగ్ స్టోన్స్ అని పేరు పెట్టుకున్నారు. 1965లో అమెరికా టీవీ కార్యక్రమానికి పిలిస్తే, హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పిలవాలని వారు పట్టుబట్టారు.

అందరూ అలా చేయలేదు. లెడ్ జెపెలిన్ 1969 నాటి 'హోల్ లాట్టా లవ్'లో విల్లీ డిక్సన్ రాసిన పాట మాటలున్నా, ఆయన పేరు వేయలేదు. 1985లో ఆయన కోర్టుకెక్కాక 1987లో రాజీ కుదిరింది, తర్వాత పేరూ చేరింది. ఎల్విస్ ప్రెస్లీ తొలి సింగిల్ 'దట్స్ ఆల్ రైట్' రాసిన ఆర్థర్ క్రుడప్ మాత్రం రావలసిన రాయల్టీ అందకుండానే 1974లో కన్నుమూశాడు.

బెస్సీ స్మిత్ 1937లో చనిపోతే, 1970 దాకా ఆమె సమాధికి పేరు చెక్కిన రాయి లేదు. రాక్ గాయని జానిస్ జాప్లిన్, నల్లజాతి మహిళ జువానిటా గ్రీన్ కలిసి ఆ ఖర్చు భరించారు.

కళను నెత్తిన పెట్టుకుని కళాకారుణ్ణి గడప బయటే నిలబెట్టడం మనకు కొత్త కాదు. బ్లూస్ చరిత్ర అడిగేదీ మనం అడిగేదే: పాటకు చప్పట్లు సరే, పాడినవారి పేరేది, కూలి ఏది?