ఆంగ్లదేశమున హైదరాబాదు బాలిక

కోస్గి ప్రజలు చిరకాలము తమ జిల్లా పేరుగా వ్రాసికొనిన మహబూబ్‌నగరమను నామము పాలమూరునకు 1890లో కలిగినది. ఆ పేరునకు కారకుడైన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభువు వేటకును, దానమునకును పేరుపొందినవాడు. ఆయన దానములలో నాడు ఎవరును గొప్పగా లెక్కింపనిది యొకటి కలదు. 1895లో పదునారేండ్ల బాలిక ఆంగ్లదేశమునకేగి చదువుకొనుటకై యొసగిన విద్యార్థి వేతనమే యది. ఆ బాలిక సరోజినీ చట్టోపాధ్యాయ. పిదప లోకమునకు సరోజినీ నాయుడుగా తెలిసినది ఆమెయే.

ఆమె 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయుడు వంగదేశీయుడు; ఎడింబరోలో రసాయనశాస్త్రము చదివి డాక్టరు పట్టము పొందినవాడు; పిమ్మట నిజాం కళాశాలగా పరిణమించిన విద్యాలయమునకు మూలపురుషుడు. నాటికి హైదరాబాదు రాజ్యమున విశ్వవిద్యాలయము లేదు. ఉస్మానియా వెలసినది 1918లో. కావున బాలిక మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండి, పండ్రెండవ యేట రాజధాని యంతటికిని ప్రథమురాలుగా నిలిచెను. కుమార్తె గణితజ్ఞురాలో శాస్త్రజ్ఞురాలో కావలయునని తండ్రి కోరిక. ఆమెకు బీజగణితపు లెక్కకు బదులు పద్యము తోచుచుండెడిది. పదుమూడవ యేట ఆరు దినములలో పదుమూడు వందల పంక్తుల కావ్యమును వ్రాసెనట.

అంతటి బిడ్డను సముద్రముల కవతలకు పంపుటకు చదువొక్కటే కారణము కాదు. డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడు అను తెలుగు వైద్యుని ఆమె వరించెను. ఆయనయు ఎడింబరోలో చదివినవాడే. కన్య బ్రాహ్మణ కుటుంబమున పుట్టినది, వరుడు బ్రాహ్మణేతరుడు, ఆమె వయస్సా చిన్నది. బ్రహ్మసమాజమున చేరి సంస్కర్తయని పేరుగన్న తండ్రికిని ఈ సంగతి యిబ్బందియే యయ్యెను. సంస్కారము సభలో పలికినంత సులభముగా ఇంటిలో సాగదు గదా! కడకు నిజాము ప్రభువు వేతనము చేతికి వచ్చినది. ఇష్టము లేకయే ఆమె ఓడ యెక్కవలసి వచ్చెను. భారతమున కచుడు విద్యకై శుక్రుని యొద్దకేగి దేవయాని ప్రేమను విడిచి వచ్చెను. ఈ బాలిక ప్రేమను మరచుటకై విద్యకు పంపబడెను.

వేతనము సాలుకు 300 పౌనులు, ప్రయాణ వ్యయము ప్రత్యేకము. నాటి మారకమున నది అయిదువేల కల్దారు రూపాయలకు మించును. హాలీ సిక్కాలో లెక్కించిన ఇంకను ఎక్కువ. ఒక బాలిక చదువునకు ఇంత సొమ్ము సర్కారు ఖజానా నుండి వెడలుట ఆ రోజులలో సామాన్య విషయము కాదు.

హైదరాబాదు నుండి బొంబాయికి పోవువారికి అప్పటి త్రోవ, 1874లో వేసిన రైలు మార్గమున వికారాబాదు, తాండూరుల మీదుగా వాడి జంక్షనుకు చేరి అచ్చట బండి మారుట. మనవారు నేటికిని రైలెక్కబోవు తాండూరు స్టేషను ఆ త్రోవలోనిదే. బొంబాయి నుండి పొగయోడపై ఎర్రసముద్రము, సూయెజు కాలువ, మధ్యధరాసముద్రము దాటి ఆంగ్లదేశము చేరుటకు సుమారు మూడు వారములు పట్టెడిది. హైదరాబాదు నగరమున నాడు నాలుగు లక్షల జనము. లండనులో నలువది లక్షలకు పైమాట. బొగ్గుపొగయు మంచును కలిసి పట్టపగలే దీపము వెలిగింపవలసిన నగరమది.

అంతకు ఏడేండ్లు ముందు, 1888లో, గాంధీమహాత్ముడు అదే చదువు నిమిత్తము ఆ దేశమున దిగెను. సెప్టెంబరు కడపటి దినములలో తెల్లని ఫ్లానెలు దుస్తులు ధరించి రేవులో దిగగా, అట్టి దుస్తులలో నున్నవాడు తానొక్కడే యని చూచి సిగ్గుపడినట్లు తన ఆత్మకథలో వ్రాసికొనెను. పిమ్మట కొంతకాలము దొరల వేషమునకై చాల పాటుపడెను. సరోజిని త్రోవ వేరు. ఆమె తన దేశపు పట్టువస్త్రములనే ధరించి, నల్లని జుట్టును వీపుపై వదలి తిరుగుచుండెడిదని ఆర్థర్ సైమన్సు అను కవి వర్ణించెను. మనిషి మిక్కిలి పొట్టి. చూచువారు పసిబిడ్డ యనుకొనెడివారట. మాట తక్కువ, కంఠస్వరము మెల్లన. ఎందరి నడుమ నున్నను ఒంటరిగా నున్నట్లు తోచెడిదని కూడ ఆయన వ్రాసెను. ఇష్టము లేక వచ్చిన బిడ్డ అట్లుండక మరెట్లుండును?

లండనులో ఆమెకు పెద్దదిక్కుగా నిలిచినది మిస్ మానింగు అను ఆంగ్ల వనిత. భారతదేశము నుండి వచ్చు విద్యార్థుల మంచిచెడ్డలు చూచు నేషనల్ ఇండియన్ అసోసియేషనుకు ఆమె కార్యదర్శిని. ఆ యింటికి రచయితలును పండితులును వచ్చుచుండెడివారు. సరోజిని మొదట లండనులోని కింగ్స్ కాలేజీలోను, పిదప కేంబ్రిడ్జి చెంతనున్న గర్టన్ కాలేజీలోను చదివెను. గర్టన్ స్త్రీలకై 1869లో పుట్టిన విద్యాలయము. మిస్ మానింగు సవతి తల్లియే దానికి తొలి అధ్యక్షురాలు. పురుషులతో సమానముగా చదివి పరీక్షలిచ్చినను కేంబ్రిడ్జి స్త్రీలకు పట్టమీయదు. ఈయవలయునా యని 1897లో ఓట్లు తీయగా, సరోజిని విద్యార్థినిగా నున్న ఆ కాలముననే, వలదన్నవారు అత్యధిక సంఖ్యలో నెగ్గిరి. పూర్తి పట్టములు లభించినది 1948లో. మన దేశమునందే ఆడుబిడ్డల చదువునకు అడ్డంకులుండెనని తలపోయువారు ఈ సంగతి కొంచెము గుర్తుంచుకొనవలెను.

ఆ తొలినాళ్లలో జరిగిన ముఖ్యమైన సంగతి తరగతి గదిలో జరిగినది కాదు. ఎడ్మండ్ గాస్ అను ప్రసిద్ధ విమర్శకునికి ఆమె తన పద్యముల కట్టను చూపెను. ఛందస్సు సరిగా నున్నది, భాష తప్పులేనిది. కాని అందున్నవి ఆంగ్లదేశపు పిట్టలు, చర్చి గంటలు, అచ్చటి పల్లెలు. హైదరాబాదులో పుట్టిన బిడ్డ తానెరుగని దేశపు పక్షుల కూతలను పుస్తకముల నుండి ఎరువు తెచ్చుకొనినది. గాస్ మొగమోటమి లేక, అవన్నియు చెత్తబుట్టలో వేయుమనియు, తన దేశమును, తన జనమును గూర్చి వ్రాయుమనియు చెప్పెను. ఈ ముచ్చటను ఆయనయే 1912లో ఆమె గ్రంథమునకు వ్రాసిన పీఠికలో తెలిపెను. పదునారేండ్ల ప్రాయమున అట్టి మాట విని కోపగింపక, కృతజ్ఞతతో గ్రహించుట సామాన్యమా? అరువు సొమ్మును ఆస్తిగా చూపిన ఖాతాను కొట్టివేసి కొత్త ఖాతా తెరచినట్లయినది.

ఆరోగ్యము చెడుటచే ఆమె చదువు ముగియలేదు. నడుమ ఇటలీ చూచివచ్చెను. పట్టమేదియు లేకయే 1898 సెప్టెంబరులో హైదరాబాదు చేరెను. ఖర్చు పద్దున మూడేండ్ల వేతనము, జమ పద్దున పట్టాకాగితము కూడ లేదు. కచ్చేరీ లెక్క ప్రకారము ఇది నష్టమే. ఎవరిని మరచుటకై పంపిరో ఆ గోవిందరాజులు నాయుడునే ఆమె అదే డిసెంబరులో మద్రాసున వివాహమాడెను. ఆ వివాహము జరిపించినవాడు కందుకూరి వీరేశలింగము పంతులు.

చెత్తబుట్టలో వేసిన పద్యములకు బదులుగా వచ్చిన కవితలు 1905లో ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అను పేర లండనులో అచ్చయినవి. సైమన్సు దానికి పీఠిక వ్రాసెను. పల్లకి మోయు బోయీలు, నేతగాండ్రు, పాములవాండ్రు అందు కనుపించెదరు. హైదరాబాదులోని ఆ దంపతుల యింటికిని అదే పేరు నిలిచినది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు తొలి యావరణము ఆ యిల్లే.