గ్రేటర్ ఎన్నికలు: మేయర్ పేరు బ్యాలెట్‌లో ఉండదు.. మరి మీ ఓటు ఎవరికి? జాబితాలో పేరు ఎప్పుడు చూసుకోవాలి?

మాదాపూర్‌లో ఆఫీసు, కొండాపూర్‌లో అద్దె ఇల్లు, ఓటు మాత్రం గుంటూరులోనో వరంగల్‌లోనో. ఐటీ కారిడార్‌లో ఇలాంటివారు చాలామందే ఉంటారు. నాలా పొంగినా, వీధి దీపం వెలగకపోయినా, చెత్త బండి రాకపోయినా వీరు అడగాల్సింది ఇక్కడి కార్పొరేటర్‌నే. కానీ ఆ కార్పొరేటర్‌ను ఎన్నుకునే జాబితాలో వీరి పేరు ఉండదు. ఎన్నికల షెడ్యూల్ వచ్చాక చూసుకుందాం అనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది. ఎందుకో తెలియాలంటే నగర ఎన్నికలు ఎలా జరుగుతాయో తెలుసుకోవాలి.

ఎవరు నిర్వహిస్తారు?

లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు జరిపేది కేంద్ర ఎన్నికల సంఘం. నగరపాలక సంస్థ ఎన్నికల బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘానిది. ఈ రెండూ వేర్వేరు రాజ్యాంగ సంస్థలు. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు ఐదేళ్ల పదవీకాలాన్ని, ఆ గడువు ముగిసేలోపే ఎన్నికలు జరపాలన్న నిబంధనను తెచ్చింది.

అయితే అన్నీ ఎన్నికల సంఘం చేతిలో ఉండవు. డివిజన్ల సరిహద్దులు, రిజర్వేషన్లు ఖరారు కావడంలో రాష్ట్ర ప్రభుత్వానిదే ప్రధాన పాత్ర. అవి తేలితేనే ఎన్నికల సంఘం షెడ్యూల్ ఇవ్వగలదు. ఎన్నికలు ఆలస్యమైన సందర్భాల్లో చిక్కు ఎక్కువగా ఇక్కడే వస్తుంది.

మీ డివిజన్ ఏది?

ఐటీ కారిడార్ మొదటి నుంచీ హైదరాబాద్ కార్పొరేషన్‌లో లేదు. శేరిలింగంపల్లి ఒకప్పుడు విడి మున్సిపాలిటీ. 2007 ఏప్రిల్‌లో పాత హైదరాబాద్ కార్పొరేషన్‌తో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడినప్పుడు అది కూడా నగరంలో భాగమైంది. 2020 ఎన్నికల్లో నగరాన్ని 150 డివిజన్లుగా చూశారు. కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్, మియాపూర్, హఫీజ్‌పేట్ వాటిలోవే.

పక్కనే ఉన్న మణికొండ, నార్సింగి మాత్రం అప్పట్లో విడి మున్సిపాలిటీలు. అందుకే ఒకే కంపెనీలో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి గ్రేటర్‌లో ఓటు ఉంటే, మరొకరికి ఉండేది కాదు. 2025 డిసెంబరులో శివార్లలోని 27 పట్టణ స్థానిక సంస్థలను విలీనం చేసి, డివిజన్లను 300కు పెంచడంతో పాత పటం మారిపోయింది. కాబట్టి ‘పోయినసారి ఫలానా డివిజన్‌లో వేశాను’ అన్న లెక్క ఇప్పుడు పనికిరాదు. మీ ఇల్లు ఏ కార్పొరేషన్, ఏ డివిజన్ కిందకు వస్తుందో కొత్తగా చూసుకోవాల్సిందే.

ఓటర్ల జాబితా ఎక్కడి నుంచి వస్తుంది?

గ్రేటర్ ఎన్నికలకు విడిగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ ఓటర్ల జాబితానే తీసుకుని డివిజన్ల వారీగా విడగొడతారు. అంటే శేరిలింగంపల్లి అసెంబ్లీ జాబితాలో మీ పేరు లేకపోతే గచ్చిబౌలి డివిజన్ జాబితాలోనూ ఉండదు.

నమోదుకు సొంతిల్లు అక్కర్లేదు. మీరు మామూలుగా నివసించే చోటే మీ ఓటు ఉండాలన్నది చట్టం. అద్దెకు ఉన్నవారూ అర్హులే. మొదటిసారి నమోదుకు ఫారం 6, వేరే ఊరి నుంచి ఓటు మార్చుకోవడానికి ఫారం 8 నింపాలి. చిరునామా రుజువుగా ఆధార్, కరెంటు లేదా గ్యాస్ బిల్లు, బ్యాంకు పాస్‌బుక్, రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం వంటివి చూపవచ్చు. కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గానీ, యాప్‌లో గానీ ఇంటి నుంచే దరఖాస్తు చేయవచ్చు. సందేహాలుంటే 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఒక జాగ్రత్త: సొంతూళ్లో ఒకటి, ఇక్కడ ఒకటి అంటూ రెండుచోట్ల ఓటు ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇక్కడికి మార్చుకుంటే అక్కడ పోతుంది. ఎక్కడ ఉంచుకోవాలన్నది మీ ఇష్టం కాదు, మీ నివాసాన్ని బట్టి ఉంటుంది.

షెడ్యూల్ నుంచి పోలింగ్‌కు ఎన్ని రోజులు?

2020 తేదీలు చూస్తే విషయం అర్థమవుతుంది.

• నవంబరు 13: తుది ఓటర్ల జాబితా
• నవంబరు 17: షెడ్యూల్ విడుదల
• నవంబరు 18 నుంచి 20: నామినేషన్లు
• నవంబరు 21: పరిశీలన
• నవంబరు 22: ఉపసంహరణ
• డిసెంబరు 1: పోలింగ్
• డిసెంబరు 4: ఓట్ల లెక్కింపు

షెడ్యూల్ వచ్చిన రోజు నుంచి పోలింగ్‌కు సరిగ్గా 14 రోజులు. జాబితా అంతకు నాలుగు రోజుల ముందే ఖరారైంది. టీవీల్లో ప్రచారం హోరెత్తినప్పుడు ‘అరె, నా ఓటు ఎక్కడుంది’ అని వెతికినవారికి చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఎవరు పోటీ చేయవచ్చు?

21 ఏళ్లు నిండి, కార్పొరేషన్ పరిధిలో ఓటరై ఉండాలి. ఏ డివిజన్ ఎవరికన్నది రిజర్వేషన్‌ను బట్టి ఉంటుంది. 2020లో 150 డివిజన్లలో ఎస్టీలకు 2, ఎస్సీలకు 10, బీసీలకు 50 కేటాయించారు. మిగిలిన 88లో 44 జనరల్ మహిళలకు, 44 అందరికీ వదిలారు. అన్ని కేటగిరీల్లోనూ సగం మహిళలవే. అప్పుడు డిపాజిట్ రూ.5 వేలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు రూ.2,500. అభ్యర్థి ఖర్చుకు పరిమితి రూ.5 లక్షలు. ఈ మొత్తాలను ఎన్నికల సంఘం మార్చవచ్చు కాబట్టి, పోటీ చేయాలనుకునేవారు కొత్త నోటిఫికేషన్‌నే చూడాలి.

పోలింగ్‌లో చిన్న పొరపాటు ఎంత దూరం వెళ్తుంది?

2016లో ఈవీఎంలు వాడారు. 2020లో కరోనా కారణంగా బ్యాలెట్ పత్రాలకు మళ్లారు. 74 లక్షలకు పైగా ఓటర్లు, 9,101 పోలింగ్ కేంద్రాలు, 1,122 మంది అభ్యర్థులు. అంత పెద్ద ఏర్పాట్లలో రెండు సంఘటనలు గుర్తుంచుకోదగ్గవి.

ఓల్డ్ మలక్‌పేట డివిజన్ బ్యాలెట్ మీద సీపీఐ అభ్యర్థికి సీపీఎం గుర్తు అచ్చయింది. దాంతో పోలింగ్ నిలిపివేసి, డిసెంబరు 3న మళ్లీ జరిపారు. నేరేడ్‌మెట్‌లో కొన్ని బ్యాలెట్ల మీద స్వస్తిక్ ముద్రకు బదులు వేరే ముద్ర పడింది. వాటిని లెక్కించాలా వద్దా అన్న వివాదం హైకోర్టుకు వెళ్లడంతో ఆ ఒక్క ఫలితం డిసెంబరు 9 వరకు ఆగింది. ఓటరుగా మీకు పాఠం ఒక్కటే: ముద్ర వేసే ముందు గుర్తు, పేరు రెండూ చూడండి. తేడా కనిపిస్తే అక్కడికక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పండి.

మేయర్‌ను ఎవరు ఎన్నుకుంటారు?

2002లో హైదరాబాద్ మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. తీగల కృష్ణారెడ్డి అలా గెలిచినవారే. జీహెచ్‌ఎంసీ వచ్చాక ఆ పద్ధతి లేదు. మీరు వేసేది ఒకే ఓటు, అదీ కార్పొరేటర్‌కు. గెలిచిన కార్పొరేటర్లు ప్రమాణం చేశాక ప్రత్యేక సమావేశంలో చేతులెత్తి మేయర్‌ను, డిప్యూటీ మేయర్‌ను ఎన్నుకుంటారు.

ఆ సమావేశంలో కార్పొరేటర్లతో పాటు ఎక్స్ అఫీషియో సభ్యులకూ ఓటు ఉంటుంది. నగర పరిధిలోని ఎంపీలు, ఎమ్మెల్యేలు, నిబంధనల ప్రకారం నమోదైన రాజ్యసభ సభ్యులు, ఎమ్మెల్సీలు ఈ కోవలోకి వస్తారు. 2020లో టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, ఎంఐఎంకు 44, కాంగ్రెస్‌కు 2 డివిజన్లు దక్కాయి. 150లో సగం ఎవరికీ రాలేదు. అయినా ఎక్స్ అఫీషియో సభ్యుల బలం, ఎంఐఎం మద్దతుతో 2021 ఫిబ్రవరి 11న టీఆర్‌ఎస్‌కు చెందిన గద్వాల్ విజయలక్ష్మి మేయర్ అయ్యారు. అంటే అసెంబ్లీ ఎన్నికల్లో మీరు వేసిన ఓటు కూడా చుట్టూ తిరిగి మేయర్ కుర్చీ దాకా వెళ్తుంది.

గడువులోగా ఎన్నికలు జరగకపోతే?

పాలన ప్రత్యేకాధికారి చేతికి వెళ్తుంది. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడినా తొలి ఎన్నికలు 2009 నవంబరులో గానీ జరగలేదు. 2014 డిసెంబరులో పాలకమండలి గడువు ముగిస్తే, 2016 ఫిబ్రవరి 2న పోలింగ్ జరిగింది. ఆ మధ్య కాలంలో పనులు ఆగవు, పన్నులూ ఆగవు. కానీ కౌన్సిల్‌లో లేచి మీ వీధి గురించి అడిగే మనిషి ఉండరు. ఆస్తి పన్ను భారీగా కట్టే ఐటీ కారిడార్‌కు ఇది చిన్న విషయం కాదు.

ఇక ఓటింగ్ శాతం చూస్తే 2016లో 45.29, 2020లో 46.55. ఓటర్లలో సగానికి పైగా బూత్ దాకా రాలేదు. వచ్చినవారి నిర్ణయమే అందరి డివిజన్‌కూ ఐదేళ్లు వర్తించింది.

ఇప్పుడే చేయాల్సినవి

• కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో మీ పేరు ఏ నియోజకవర్గంలో ఉందో వెతకండి.
• ఇల్లు మారి ఉంటే ఫారం 8 ఇవ్వండి. ఒకే నియోజకవర్గంలో మారినా సరే, డివిజన్ మారే అవకాశం ఉంది.
• డివిజన్ల వారీ ముసాయిదా జాబితా వచ్చినప్పుడు పేరు, ఇంటి నంబరు సరిచూసుకోండి. తప్పుంటే గడువులోగా అభ్యంతరం చెప్పండి.
• పోలింగ్‌కు ముందు ఓటరు స్లిప్‌లోని కేంద్రం చూసుకోండి. ఓటరు కార్డు లేకపోతే ఎన్నికల సంఘం అనుమతించిన వేరే గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.
• ఓటరు కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. జాబితాలో పేరు ఉంటేనే ఓటు.